వ్యాలీ ఓక్ కాయలు ఏరి, వగరు తీసి, పిండి చేసుకోవడం ఎలా

అక్టోబర్ వచ్చిందంటే మా వీధి చివర వ్యాలీ ఓక్ చెట్టు కింద కారు పెట్టిన వాళ్ళందరికీ టపటపా దెబ్బలే, రాత్రి పూట అయితే ఎవరో పైకప్పు మీద గులకరాళ్ళు విసురుతున్నట్టు ఉంటుంది. వేలెడంత పొడుగు కాయలు, ఒక కొసన గరుకు టోపీ, ఇంకో కొసన సూది మొన. మా వీధిలో అందరూ వాటిని బ్లోయర్‌తో ఒక మూలకి నెట్టి చెత్త డబ్బాలో పోస్తారు, నేనూ ఈ కాలిఫోర్నియాకి వచ్చాక నాలుగేళ్ళు అదే చేశాను. ఒకసారి మా అమ్మ వచ్చినప్పుడు ఒకటి పగలగొట్టి లోపల పప్పు కొరికి చూసి థూ అని ఉమ్మేసి "ఏమే, ఇది వక్క కంటే వగరుగా ఉందే, మనుషులు తినేదేనా" అంది.

తినేదే. ఇక్కడి మూలవాసులు మీవాక్, ఓలోని, యోకుట్స్, మైడు వాళ్ళందరికీ ఓక్ కాయలే మనకి బియ్యం లాంటివి, యూరప్ వాళ్ళు రాకముందు వేల ఏళ్ళు ఇవే తిని బతికారు. కాకపోతే చెట్టు మీంచి కోసి నోట్లో వేసుకునే రకం కాదు, వగరు పోగొట్టాలి, పని మొత్తం అక్కడే ఉంది. మిగతాదంతా మనకి తెలిసిన వంటే. నేను రెండు సార్లు పాడు చేసి మూడోసారి సరిగ్గా చేశాను కాబట్టి ఎక్కడ తప్పుతుందో కూడా చెప్తాను.

ముందు పేరు సంగతి. డిక్షనరీలో ఓక్ అంటే సింధూర వృక్షం అని ఉంటుంది గానీ ఆ మాట ఎవరన్నా వాడగా నేను వినలేదు, ఓక్ అనే అనుకుందాం. మనకి ఓక్ అస్సలు తెలియదని కూడా కాదు, పచారీ కొట్లో దొరికే మాచికాయ ఉంది చూశారా, అది కాయ కాదు, ఓక్ జాతి చెట్టు కొమ్మ మీద ఒక చిన్న కందిరీగ గుడ్డు పెడితే చెట్టు దాని చుట్టూ పెంచే బుడిపె. ఆ చెట్టు పశ్చిమాసియాది. అందుకే మాచికాయ అరగదీసి నాలిక మీద రాస్తే నోరంతా పిడచకట్టుకుపోతుంది, ఈ కాయల్లో ఉన్నదీ అదే, టానిన్ అనే వగరు పదార్థం.

చెట్టు గుర్తుపట్టడం

వ్యాలీ ఓక్ శాస్త్రీయ నామం క్వెర్కస్ లొబాటా. ఆకు చూస్తే చాలు, అరచేతిలో సగం ఉంటుంది, రెండు పక్కలా లోతుగా గండ్లు పడి ఉంటుంది, ఆ గండ్ల మధ్య తమ్మెలు గుండ్రంగా ఉంటాయి, కొసన ముల్లు ఉండదు. ఆకు అడుగు భాగం లేత రంగులో కొంచెం నూగుగా తగులుతుంది. బెరడు బూడిద రంగు, బాగా ముదిరిన చెట్టుకి మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. చలికాలం ఆకు మొత్తం రాలుస్తుంది. కాయ పొడుగ్గా, సన్నగా, శంకువు లాగా, అంగుళంన్నర నుంచి రెండంగుళాలు ఉంటుంది, టోపీ మీద పులిపిర్లు ఉన్నట్టు గరుగ్గా ఉంటుంది.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, దీంతో కలగలిసి ఇంకో మూడు రకాలు కనిపిస్తాయి. కోస్ట్ లైవ్ ఓక్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఆకు చిన్నది, గట్టిగా, గిన్నె బోర్లించినట్టు వంగి, అంచున ముళ్ళు. బ్లూ ఓక్ ఆకుకి నీలం ఛాయ ఉంటుంది, గండ్లు పైపైన ఉంటాయి, ఎండు కొండల మీద చూస్తారు. బ్లాక్ ఓక్ ఆకు పెద్దది, ప్రతి తమ్మె కొసనా వెంట్రుక లాంటి ముల్లు ఉంటుంది, కొంచెం ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువ. ఇవన్నీ వగరు తీశాక తినగలిగేవే, ఒక ఓక్ అనుకుని ఇంకో ఓక్ ఏరినా ప్రాణాలకేం కాదు, వగరు తీయడానికి పట్టే రోజులు మారతాయి అంతే.

కానీ ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట కాదు. ఇవే కొండల్లో ఇదే సీజన్‌లో కాలిఫోర్నియా బకై అనే చెట్టు కాయలు కూడా రాలతాయి, అవి విషం. బకై గింజ పెద్దది, గుండ్రం, పాలిష్ పట్టినట్టు మెరిసే గోధుమరంగు, తోలు లాంటి తొక్కలోంచి వస్తుంది, టోపీ ఉండదు. ఓక్ కాయ కూడా రాలేటప్పుడు టోపీ వదిలేస్తుంది కాబట్టి కింద ఉన్న కాయ చూసి తేల్చొద్దు, తలెత్తి చెట్టు చూడండి, ఆకు చూడండి, చుట్టూ పడున్న టోపీలు చూడండి. అనుమానం ఉంటే ఆ చెట్టు వదిలేయండి, ఇంకో చెట్టు ఉంటుంది.

చెట్టు మీద కొన్నిసార్లు ఆపిల్ అంత సైజులో పచ్చగానో ఎర్రగానో గుండ్రటివి వేలాడుతుంటాయి, మా పక్కింటి పిల్లలు అవి పళ్ళనుకుని కోసేశారు. అవి కూడా మాచికాయ లాంటి కందిరీగ బుడిపెలే, ఓక్ ఆపిల్ అంటారు, కోసి చూస్తే బెండు లాగా ఉండి మధ్యలో పురుగు ఉంటుంది, మన వంటకి పనికిరావు.

ఎక్కడ దొరుకుతుంది

ఈ చెట్టు సహజంగా కాలిఫోర్నియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెరగదు. ఉత్తరాన రెడ్డింగ్ వైపు నుంచి కింద లాస్ ఏంజిలెస్ దగ్గరి శాన్ ఫెర్నాండో వ్యాలీ దాకా, సముద్రం పొగమంచు నేరుగా తగలని లోపలి లోయల్లో, ఎక్కువగా రెండు వేల అడుగుల లోపు ఎత్తులో ఉంటుంది. వేసవిలో నెలల తరబడి చుక్క వాన పడకపోయినా పచ్చగా ఎలా ఉంటుందంటే వేరు భూగర్భ జలం దాకా దిగిపోతుంది. దీనికి కావలసింది లోతైన ఒండ్రు నేల, కిందెక్కడో నీళ్ళు. అందుకే వాగుల పక్కన, ఏటి గట్ల వెంట, పాత వరద మైదానాల్లో పెద్ద పెద్ద మానులు కనిపిస్తాయి. ఉత్తర అమెరికా ఓక్‌లలో అతి పెద్దగా పెరిగే వాటిలో ఇదొకటి, వంద అడుగుల ఎత్తు దాకా వెళ్తుంది, ముదిరే కొద్దీ కొమ్మలు ఊడల్లాగా కిందికి వాలతాయి.

దాని దురదృష్టం కూడా ఆ మంచి నేలే. వ్యాలీ ఓక్ ఉన్న చోట భూమి బాగుంటుందని రైతులకి తెలుసు, కాబట్టి ముందు వాటినే కొట్టేసి గోధుమలు, తర్వాత పళ్ళ తోటలు వేశారు, ఆ తర్వాత ఊళ్ళు లేచాయి. 1792లో జార్జ్ వాంకూవర్ అనే ఇంగ్లీష్ నావికుడు సాంటా క్లారా లోయ గుండా వెళ్తూ ఇది ఎవరో పనిగట్టుకుని ఓక్ చెట్లు నాటి పెంచిన పార్కులా ఉందని రాసుకున్నాడు. ఆ లోయంటే ఏదో కాదు, మన వాళ్ళు సగం మంది అద్దెకుండే శాన్ హోసే, సన్నీవేల్, సాంటా క్లారాలే. ఇప్పుడు అక్కడ ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో ఒకటి, లైబ్రరీ వెనక ఒకటి, అలా మిగిలాయి. ప్లెజంటన్, లివర్‌మోర్, శాన్ రామోన్, వాల్‌నట్ క్రీక్, ఇంకా శాక్రమెంటో చుట్టుపక్కల మాత్రం ఇప్పటికీ బాగానే కనిపిస్తాయి. పాసో రోబుల్స్ అనే ఊరి పేరుకి అర్థమే ఓక్‌ల కనుమ.

వయసు గురించి మాత్రం ఎవరేం చెప్పినా సగం తీసేసి వినండి. చీకో అనే ఊళ్ళో హుకర్ ఓక్ అని ఒక మహావృక్షం ఉండేది, వెయ్యేళ్ళది అని చెప్పుకునేవాళ్ళు, 1977లో కూలిపోయాక చూస్తే ఒకటి కాదు, రెండు చెట్లు కలిసిపోయి పెరిగినవి, వయసు మూడొందల పాతిక లోపే అని తేలింది. మూడొందల ఏళ్ళంటే మాత్రం తక్కువా.

ఏరడం

మొదటి పని పర్మిషన్. చాలా స్టేట్ పార్కుల్లో, రీజినల్ పార్కుల్లో ఏదీ ఏరుకుని తీసుకెళ్ళకూడదని రూల్ ఉంటుంది, గేటు దగ్గర బోర్డు చదవండి, లేకపోతే రేంజర్‌ని అడగండి. నా సలహా అయితే పార్కుల జోలికి పోకుండా మీ పెరడు, ఫ్రెండ్స్ పెరడు, ఇంటి ముందు చెట్టు చూసుకోండి, పక్కింటి వాళ్ళని అడిగితే సంతోషంగా బకెట్ ఇచ్చి మరీ పంపిస్తారు, వాళ్ళకి ఊడ్చే పని తప్పుతుంది. పెద్ద రోడ్డుని ఆనుకుని ఉన్నవి, లాన్‌కి మందు కొట్టే చోటువి వద్దు.

రెండోది టైమింగ్. సెప్టెంబర్‌లో మొదట రాలేవన్నీ దాదాపు పురుగు పట్టినవే, చెట్టు పనికిరాని వాటిని ముందు దులిపేసుకుంటుంది. అవి చూసి ఆవేశపడి బకెట్ నింపకండి, మొదటి ఏడాది నేను చేసింది అదే. రెండు మూడు వారాలు ఆగితే అసలు కాపు రాలుతుంది, అక్టోబర్ మొదలు నుంచి నవంబర్ దాకా. రాలిన రెండు మూడు రోజుల్లో ఏరేయాలి, వాన పడ్డాక తడి నేల మీద ఉన్నవి మొలకెత్తుతాయి లేదా బూజు పడతాయి. ఇంకో మాట, ప్రతి ఏడూ ఒకేలా కాయదు, ఒక ఏడు విరగకాసి రెండేళ్ళు ముఖం చాటేస్తుంది, మన మామిడి కాపులాగే. కాపు లేని ఏడాది మీరూ వదిలేయండి, ఆ కాస్తా పక్షులకీ ఉడతలకీ కావాలి. ఏకార్న్ వుడ్‌పెకర్ అని ఎర్ర టోపీ పెట్టుకున్నట్టుండే వడ్రంగి పిట్ట ఉంటుంది, చెట్టు బెరడుకి వందల కొద్దీ చిల్లులు పొడిచి ఒక్కో చిల్లులో ఒక్కో కాయ బిగించి దాచుకుంటుంది, దాని కష్టం చూస్తే మనకి ఒక సంచి చాలు అనిపిస్తుంది.

ఎంత ఏరాలి? మొదటిసారి రెండు కిలోలు చాలు. ఒలిచి, పుచ్చులు తీసేసి, వగరు తీసి, ఎండబెట్టేసరికి నాకు అర కిలో పైన కొంచెం పిండి వస్తుంది. ఎక్కువ తెస్తే ఒలవలేక వదిలేస్తారు.

పుచ్చులు తీసేయడం

కాయ మీద బాల్‌పెన్ మొనంత గుండ్రటి చిల్లు ఉంటే పురుగు తిని బయటికి వెళ్ళిపోయిందన్నమాట, పారేయండి. టోపీ ఇంకా గట్టిగా అతుక్కుని ఉన్నవి కూడా అనుమానమే. మిగతావి బకెట్ నీళ్ళలో పోయండి, తేలినవి తీసేయండి, మునిగినవి మంచివి. ఇది అప్పుడే రాలిన కాయలకే పనిచేస్తుంది, ఎండినవి అన్నీ తేలతాయి, అది చూసి కంగారుపడి మంచివన్నీ పారేసేరు. మునిగిన వాటిలో కూడా కొన్ని పురుగులుంటాయి, ఒలిచేటప్పుడు తెల్లగా బొద్దుగా బయటపడతాయి, పెసల్లో పుచ్చు ఏరిన చేతులే కదా, ఏరేయడమే.

ఎండబెట్టడం

ఇక్కడే నేను రెండో ఏడాది దెబ్బతిన్నాను. మంచి కాయలు ఏరుకొచ్చి జిప్ బ్యాగ్‌లో వేసి గరాజ్‌లో పెట్టి శనివారం చూద్దాంలే అనుకున్నాను, రెండు శనివారాలు పోయాయి, తెరిస్తే లోపల చెమట పట్టి నల్ల బూజు, అడుగున పురుగులు. మొత్తం పారబోశాను. బూజు పట్టినవి కడిగి వాడదాం అని మాత్రం అనుకోకండి.

అందుకని ఏరిన రోజే పని మొదలెట్టండి. ఒక పొరగా పళ్ళేల్లో పరిచి ఎండలో పెట్టండి, పైన వల కప్పండి, లేకపోతే ఉడతలు మీ కళ్ళ ముందే మోసుకుపోతాయి. ఎండ సరిగా లేకపోతే ఓవెన్‌లో ఎంత తక్కువకి తిరిగితే అంత, నూట యాభై నూట డెబ్భై ఫారెన్‌హీట్ దగ్గర, తలుపు కొంచెం తెరిచి కొన్ని గంటలు ఉంచి తర్వాత ఫ్యాన్ కింద పెట్టండి. అంతకు మించి వేడి ఇస్తే లోపల పిండి ఉడికిపోతుంది, తర్వాత అతుక్కోదు. బాగా ఎండిన కాయని ఊపితే లోపల పప్పు గలగల్లాడుతుంది. అలా ఎండినవి గాలి తగిలే గుడ్డ సంచిలో నెలల తరబడి ఉంటాయి. మీవాక్ వాళ్ళు కర్రలతో, కొమ్మలతో అల్లిన గాదెలు నేల మీంచి ఎత్తుగా కట్టి వాటిలో దాచుకునేవాళ్ళు, ఆ గాదెని చుకా అంటారు, యోసెమిటీ నేషనల్ పార్కులో మ్యూజియం వెనకాల ఊరి నమూనాలో చూడొచ్చు.

ఒలవడం

ఎండిన కాయని నిలబెట్టి చదునైన రాయితో కొసన ఒక్క దెబ్బ వేస్తే పెంకు నిలువునా చీలుతుంది, పెంకు పల్చనే, బాదం అంత గట్టిది కాదు. లోపల పప్పు రెండు బద్దలు, దాని మీద గోధుమరంగు పల్చటి పొర. ఎండితే ఆ పొర వేరుశనగ పొట్టులాగా అరచేతుల మధ్య నలిపితే ఊడిపోతుంది, చేట ఉంటే చెరగండి, లేకపోతే బాల్కనీలో నిలబడి ఒక పళ్ళెంలోంచి ఇంకో పళ్ళెంలోకి పోస్తే గాలికి ఎగిరిపోతుంది. ఆ పొరలోనూ వగరు బాగా ఉంటుంది కాబట్టి ఎంత తీస్తే అంత మంచిది, అలా అని గండ్లలో ఇరుక్కున్నదాని కోసం చాకు పట్టుకుని కూర్చోనక్కర్లేదు. నల్లగా, పొడి పొడిగా ఉన్న బద్దలు తీసేయండి. ఈ పని ఒక్కరే చేస్తే విసుగు, టీవీ ముందు నలుగురు కూర్చుంటే గంటలో అయిపోతుంది, చింతపండు గింజ తీసినట్టే.

వగరు తీయడం, అసలు పని ఇదీ

టానిన్ నీళ్ళలో కరుగుతుంది, కాబట్టి నీళ్ళు మారుస్తూ పోతే పోతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మామిడి టెంక లోపలి జీడిని నీళ్ళలో ఊరబెట్టి వగరు తీసి ఎండబెట్టి పిండి కొట్టి టెంక అంబలి కాచుకునే పద్ధతి ఉంది కదా, అచ్చం అదే లెక్క. ఇక్కడి వాళ్ళు ఏటి ఒడ్డున ఇసకలో గిన్నె లాగా గుంట చేసి అందులో పిండి పరిచి పైనుంచి మెల్లగా నీళ్ళు పోస్తూ ఉండేవాళ్ళు, నీళ్ళు ఇసకలోకి ఇంకుతూ వగరుని తీసుకుపోయేవి. మనకి ఏరు లేదు, ఫ్రిజ్ ఉంది.

చన్నీళ్ళ పద్ధతి: ఒక కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్ళు పోసి మిక్సీలో వీలైనంత మెత్తగా, దోసెల పిండి కంటే పల్చగా రుబ్బండి. ఎండిన పప్పు గట్టిగా ఉంటుంది కాబట్టి రాత్రి నానబెట్టి పొద్దున రుబ్బితే మిక్సీ బ్లేడు బతుకుతుంది. ఎంత మెత్తగా ఉంటే వగరు అంత తొందరగా దిగుతుంది. ఆ పాలని పెద్ద గాజు సీసాలో పోసి, మూడో వంతుకి మించి పిండి లేకుండా చూసుకుని, మిగతాది నీళ్ళతో నింపి బాగా ఊపి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట పెడితే పులుస్తుంది. మర్నాటికి పిండి అడుగుకి దిగి పైన నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆ నీళ్ళు నిదానంగా వంచేయండి, అడుగున తెల్లగా పేరుకున్నది గంజి, అంటే స్టార్చ్, మీ పిండిని అతికించేది అదే, అది పోకూడదు. మళ్ళీ చన్నీళ్ళు పోయండి, ఊపండి, ఫ్రిజ్. ఇలా రోజుకి ఒకసారి, తొందరగా కావాలంటే రెండు సార్లు.

ఎన్ని రోజులు అంటే నోరే చెప్పాలి. వ్యాలీ ఓక్‌కి నాకు వారం నుంచి పది రోజులు పట్టింది. నీళ్ళ రంగు చూసి తేల్చుకోకండి, నీళ్ళు తేటగా వచ్చినా పిండిలో వగరు ఉండొచ్చు. అయిదో రోజు నుంచి చిటికెడు పిండి నాలిక మీద వేసుకుని బాగా చప్పరించి అర నిమిషం ఆగండి. వేసుకున్న వెంటనే బాగానే ఉంటుంది, ఆగాక నాలిక పక్కలు, దవడలు బిగుసుకుంటే, పచ్చి అరటికాయ కొరికినట్టు అనిపిస్తే ఇంకా కాలేదు. చప్పగా, కొంచెం తియ్యగా, ఏమీ లేదే అనిపిస్తే అయినట్టు. కొంచెమేలే అని సర్దుకోకండి, వంట చేస్తే వగరు పోతుందనే భ్రమ నాకూ ఉండేది, పోదు, బెల్లం వేసినా పోదు, వగరూ తీపీ విడివిడిగా తగులుతాయి. ఇంకో రెండు రోజులు ఆగడం తప్ప మందు లేదు.

వేణ్ణీళ్ళ పద్ధతి తొందరది. పప్పుని రుబ్బకుండా ముక్కలుగా చేసి మరిగే నీళ్ళలో వేసి, నీళ్ళు నల్లబడగానే వంచేసి, పక్క పొయ్యి మీద సిద్ధంగా మరుగుతున్న ఇంకో గిన్నె నీళ్ళలో వేయడం, ఇలా ఆరేడు సార్లు. రెండు గంటల్లో అయిపోతుంది. కానీ గంజి ఉడికిపోతుంది కాబట్టి ఆ పిండితో అట్టు వేస్తే విరిగిపోతుంది, రొట్టె పగుళ్ళు ఇస్తుంది. నేను అలా చేసిన ముక్కల్ని ఎండబెట్టి వేయించి ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో కారప్పొడి కొట్టాను, దానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. పిండే కావాలంటే చన్నీళ్ళు, ఓపిక.

ఏ పద్ధతి అయినా ఇనప గిన్నె, ఇనప మూకుడు వాడొద్దు. టానిన్‌కి ఇనుము తగిలితే సిరా నలుపు. కలంకారీ వాళ్ళు గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి, ఇనుమూ బెల్లం పులియబెట్టిన నీళ్ళతో గీత గీస్తే నల్లగా తేలుతుంది చూశారా, అదే రసాయనం మీ గిన్నెలో జరుగుతుంది. స్టీలు, గాజు, మట్టి ఏదైనా పర్లేదు. వంచిన నీళ్ళు తెల్ల కౌంటర్ మీద ఒలికితే మరక పడుతుంది, వెంటనే తుడవండి, ఇంట్లో వాళ్ళతో మాట పడతారు.

పిండి ఆరబెట్టడం

వగరు పోయిన పిండిని పల్చటి పాత పంచె గుడ్డలో పోసి వడకట్టి, జున్ను గుడ్డ పిండినట్టు గట్టిగా పిండండి. కింద కారిన నీళ్ళని ఒక గంట కదపకుండా ఉంచితే అడుగున ఇంకాస్త గంజి పేరుకుంటుంది, అది కూడా కలిపేయండి. తడి ముద్దని పళ్ళెంలో వేళ్ళతో చిదిమి పల్చగా పరిచి, ఎండలోనో, డీహైడ్రేటర్‌లోనో, ఓవెన్ అతి తక్కువ వేడిలోనో ఆరబెట్టి, పొడి పొడి అయ్యాక మిక్సీలో ఒక తిప్పు తిప్పి జల్లెడ పట్టండి. రంగు లేత గోధుమ, రాగి పిండికీ గోధుమ పిండికీ మధ్యలో. సీసాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, ఇందులో నూనె ఉంటుంది, బయట ఉంచితే మక్కిన వాసన వస్తుంది. బ్లాక్ ఓక్ కాయలతో పోలిస్తే వ్యాలీ ఓక్‌లో నూనె చాలా తక్కువ, పిండి ఎక్కువ, కొండ ప్రాంతాల వాళ్ళు రుచికి బ్లాక్ ఓక్‌నే ఇష్టపడేది అందుకే, కానీ మన రొట్టెకి ఇదే నయం.

వండుకోవడం

ముందు మామూలు జావ కాచుకోండి, అసలు రుచి తెలుస్తుంది. ఒక కప్పు పిండిని ఒక కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీళ్ళలో పోస్తూ తిప్పండి, రాగి జావ కాచినట్టే. పది పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉడికితే దగ్గరపడి మెరుస్తుంది. మీవాక్ వాళ్ళు దీన్ని నూపా అంటారు, ఉప్పు కూడా వేసుకోరు, నీళ్ళు కారనంత బిగువుగా అల్లిన బుట్టలో పిండీ నీళ్ళూ పోసి నిప్పుల్లో కాల్చిన రాళ్ళు అందులో వేసి తిప్పుతూ ఉడికించేవాళ్ళు, బుట్ట కాలకుండా. నాకు మొదటిసారి తిన్నప్పుడు చప్పగా ఉందే అనిపించింది, రెండో గిన్నెకి పొగలో ఉడికిన తేగలాంటి వాసన తెలిసింది. మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ వేసుకుంటే అచ్చం మన అంబలి.

ఇదే జావని కొంచెం చిక్కగా ఉడికించి గిన్నెలో పోసి చల్లారిస్తే గడ్డకట్టి ముక్కలు కోసుకునేలా అవుతుంది. కొరియా వాళ్ళ దోటోరిముక్ ఇలాంటిదే, వాళ్ళు వాళ్ళ ఓక్ కాయల గంజి మాత్రమే తీసి చేస్తారు కాబట్టి ఇంకా నున్నగా వస్తుంది. కొరియన్ షాపుల్లో ఆ పొడి ప్యాకెట్లలో దొరుకుతుంది, ఇంత కష్టం పడే ముందు రుచి నచ్చుతుందో లేదో చూసుకోవాలంటే ఒక ప్యాకెట్ తెచ్చుకుని చూడండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ ముక్కల మీద మేము నువ్వుల నూనె, సోయా సాస్ బదులు ఆవకాయ ఊట వేసుకున్నాం.

రొట్టె అయితే ఒక వంతు ఓక్ పిండి, రెండు వంతులు గోధుమ పిండి, వేడి నీళ్ళతో కలిపి పావుగంట నాననిచ్చి చేయండి. మొత్తం ఇదే పిండితో చేస్తే జిగురు లేక జొన్న రొట్టె లాగా చేత్తో తట్టుకోవాలి, చేయి తిరిగిన వాళ్ళకే వస్తుంది, నాకు రాలేదు. అట్టుకి దోసెల పిండిలో గరిటెడు కలిపితే చాలు, కరకరలాడుతుంది. బెల్లం పాకంలో నెయ్యి, ఈ పిండి, యాలకులు వేసి ముద్ద చేసింది మా అమ్మే, ఉమ్మేసిన మనిషే, ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పావు కిలో పిండి కూడా పెట్టుకుంది.

ఒక జాగ్రత్త. జీడిపప్పు, బాదం లాంటివి పడని వాళ్ళు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి రావద్దు, మిగతా వాళ్ళు కూడా మొదటిసారి రెండు చెంచాలతో మొదలెట్టండి. పచ్చి కాయలు కుక్కకి అందనివ్వకండి, కడుపు పాడవుతుంది.

చూడాలనుంటే

శాక్రమెంటోకి తూర్పు వైపు జాక్సన్ అనే ఊరు దాటాక పైన్ గ్రోవ్ దగ్గర ఇండియన్ గ్రైండింగ్ రాక్ స్టేట్ పార్క్ ఉంది, మీవాక్ భాషలో చాసె. ఒకే బండ, దాని మీద 1,185 రోళ్ళు, అన్నీ ఓక్ కాయలు దంచి దంచి పడిన గుంటలే. తరతరాలుగా ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ దంచిన చోటు. చుట్టూ ఆ మైదానంలో ఉన్నవి పెద్ద పెద్ద వ్యాలీ ఓక్‌లే. నేను చెట్టు కింద కాయల్ని చెత్తలో పోయడం మానేసింది అది చూసి వచ్చాకే. అక్కడ ఏరకండి, చూసి రండి.

మిగిలిన కాయలు

ఏరిన వాటిలో మంచివి ఓ పది పక్కన పెట్టి, ఎండబెట్టకుండా, నవంబర్‌లో ఒక వాన పడ్డాక నాటండి. కాయని అడ్డంగా పడుకోబెట్టి అంగుళం రెండంగుళాల లోతు మట్టి కప్పాలి. ముందు వేరు దిగుతుంది, మొక్క పైకి రావడానికి వసంతం దాకా పడుతుంది, ఏమీ రాలేదని తవ్వి చూడకండి. కుండీలో అయితే లోతైనది తీసుకోండి, తల్లి వేరు మొదటి ఏడాదే అడుగు దాటిపోతుంది. మొదటి రెండు మూడు వేసవులు నెలకి రెండు మూడు సార్లు బాగా తడపాలి, ఆ తర్వాత మానేయాలి. ముదురు చెట్టు మొదట్లో వేసవిలో నీళ్ళు కట్టడం, చుట్టూ లాన్ వేయడం అస్సలు వద్దు, వేరు కుళ్ళు పట్టి వందేళ్ళ చెట్టు కూడా కూలుతుంది, మా కాలనీలో ఒకటి అలాగే పోయింది, స్ప్రింక్లర్ పైపు సరిగ్గా మొదట్లోంచి వేశారు.

నేను కిందటేడు నాటిన పదిలో ఏడు ఉడతలు తవ్వుకుపోయాయి. ఈసారి పైన ఇనప వల కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను, మూడు మొలిచాయి, ఒకటి మోకాలి ఎత్తు వచ్చింది.